తెల్ల కారు వెనక చప్పుడు

ఖరీదైన కారు కొన్న మనిషి దాని గురించి బయట ఒక మాట చెప్తాడు, సర్వీసు సెంటర్లో ఇంకో మాట చెప్తాడు. బయటి మాట వినడానికి చుట్టాలూ పక్కాలూ ఉంటారు. లోపలి మాట వినడానికి జీతమిచ్చి నన్ను పెట్టుకున్నారు.

నాచారం పారిశ్రామికవాడలో ఒక విదేశీ కార్ల డీలరుకు పెద్ద వర్క్‌షాపు ఉండేది. నా ఉద్యోగ జీవితం ఆఖరి భాగమంతా అక్కడే గడిచింది. యజమాని వస్తే కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, ఆయన బాధ వినాలి. తర్వాత ఆయన పక్క సీట్లో కూర్చుని రోడ్డు మీదికి వెళ్లి, ఆ బాధ కారులో ఏ మూల ఉందో కనిపెట్టాలి. దీన్ని సర్వీస్ అడ్వైజర్ ఉద్యోగం అనేవాళ్లు. మా వీధిలో మాత్రం నేను మెకానిక్కునే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కనబడితే, "సార్, మీకు అన్నిటికన్నా కష్టమైన కేసు ఏది?" అని అడుగుతుంటారు. ముక్కలు ముక్కలైన ఇంజిన్ల కథలు చెప్తానని వాళ్ల ఆశ. నాకు మాత్రం ఒక చప్పుడు గుర్తొస్తుంది. దాంతోపాటు ఆ కారు మీద నాకున్న కడుపుమంట కూడా గుర్తొస్తుంది. రెండింటినీ విడదీసి చెప్పడం నా వల్ల కాదు కాబట్టి కలిపే చెప్తాను.

మా షోరూంలో పెద్ద కార్లు చాలా ఉండేవి. అన్నింటికన్నా కింది మెట్టు మీద ఒక చిన్న సెడాన్ ఉండేది. ముందు భాగంలో అదే గుర్తు, అదే మెరుపు, తలుపు వేస్తే అదే బరువైన శబ్దం. ధర మాత్రం కష్టపడి అందుకోగలిగినంత. పేరు తెచ్చుకుంటున్న డాక్టర్లు, కొత్తగా బిల్డర్లైనవాళ్లు, భూములకు ధరలు వచ్చిన ఉప్పల్, కాప్రా, మల్లాపూర్ వాళ్లు ఎక్కువగా దాన్నే కొనేవాళ్లు. కొన్న వారం రోజులు వాళ్ల కాళ్లు నేల మీద ఉండేవి కావు. ఆ తర్వాత ఒక్కొక్కరే మా దగ్గరికి వచ్చేవాళ్లు.

ఒక డాక్టరుగారికి వెనక సీటుతో పేచీ. "మా అమ్మ మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయండీ. ఇంత పెట్టి కొన్నది ముడుచుకుని కూర్చోవడానికా?" అనేవారు. ఒక బిల్డరుకు స్పీడ్‌బ్రేకర్లతో పేచీ. కారు నేలకు మరీ దగ్గరగా ఉండేది. మెట్రో కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్వి పడేసిన రోజులవి. హబ్సిగూడ నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా ఎక్కడెక్కడ తన కారు పొట్ట గీసుకుంటుందో ఆయన కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఒక వకీలుకు స్టెపినీ లేదని కోపం. టైరు పంక్చరైనా కొంత దూరం నడుస్తుంది కాబట్టి స్టెపినీ అక్కర్లేదని కంపెనీ గొప్పగా చెప్పుకునేది. డిక్కీ అడుగున చక్రం పెట్టే గుంట మాత్రం అలాగే ఉంచారు. అందులో ఒక చిన్న పనిముట్ల సంచి, మిగతాదంతా ఖాళీ. "ఆ కొంత దూరం దాటినంక ఏం జెయ్యాలె? గుంటల కూసోవాల్నా?" అని వకీలు నా మీద లేచేవాడు. బోడుప్పల్ నుంచి వచ్చిన ఒక రైతు డీజిల్ ఇంజిన్ చప్పుడు విని, "ట్రాక్టరు అమ్మి ఇది గొన్న. కండ్లు మూస్కుంటే ట్రాక్టరే యాదికొస్తుంది" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ఫిర్యాదులు వింటుంటే నాకు హాయిగా ఉండేది. మొహం మాత్రం చావు ఇంట్లో ఉన్నట్టు పెట్టేవాణ్ణి. సాయంత్రం నా పాత స్కూటరెక్కి రామంతాపూర్‌లో ఇంటికి వెళ్తుంటే ఒకటే ఆలోచన. నా బండికి స్టెపినీ ఉంది.

ఇలా ఊరందరి కార్ల లోపాల మీద బతుకుతున్న నా ముందుకు ఒక రోజు మా బావ తెల్ల సెడాన్‌లో వచ్చి దిగాడు.

బావ అంటే చుట్టరికం కాదు. అంతకు చాలా ఏళ్ల ముందు నాచారంలోనే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇద్దరం పక్కపక్క లేత్ మిషన్ల మీద పని చేశాం. నేను నల్గొండ వైపు నుంచి బతకడానికి వచ్చినవాణ్ణి. ఆయన ఉప్పల్ పాత ఊరివాడు. తెల్లవారి బర్రెల పాలు పిండి, పేడ వాసనతోనే షిఫ్టుకు వచ్చేవాడు. రోజూ ఆలస్యమే. చెయ్యి కూడా అంతంత మాత్రం. ఆయన తీసిన రాడ్లు సన్నబడిపోతే సూపర్‌వైజరు చూసేలోపు నేను మళ్లీ తీసి పెట్టేవాణ్ణి. బదులుగా వాళ్లమ్మ చేసి పంపిన జొన్నరొట్టె, పచ్చి పులుసు సగం నాది. ఫ్యాక్టరీలో అందరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లం. మిగతావాళ్ల విషయంలో అది నోటిమాట. మా ఇద్దరి మధ్య ఆ చుట్టరికం నిజంగానే ఉండేది.

ఆ రోజుల్లో వాళ్ల నాన్న ఊరి చివర చెలకను, ఆ మెట్ట భూమిని, ప్లాట్లు చేసి అమ్ముతుంటే బావ నా వెంట పడ్డాడు. "బావా, ఓ ముక్క తీస్కో. పైసలు మెల్లగియ్యి." నేను వెళ్లి చూశాను. బండలు, తుమ్మచెట్లు. "గీ రాళ్లల్ల ఎవడుంటడు బావా?" అని నవ్వి వచ్చేశాను. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. నేను ఉద్యోగాల కోసం తిరిగాను. ఆయన ఇంటికెళ్లి కూర్చున్నాడు. కూర్చున్నవాడి దగ్గరికి రోడ్డు వచ్చింది, స్టేడియం వచ్చింది, ఆఖరికి మెట్రో స్తంభాలు కూడా వచ్చాయి. నేను నవ్విన బండల మీద ఇప్పుడు బట్టల షాపులున్నాయి. ఆ షాపుల ముందు నుంచే నేను రోజూ పనికి వెళ్లేవాణ్ణి.

కారు కొన్న రోజు ఆయన ఫోన్ చేశాడు. "బావా, మీ కంపెనీ కారే తెచ్చిన. రేపు ఇంటికి రా. అందరం కలిసి కీసర పోయొద్దం, పూజ చేపిద్దం."

"డ్యూటీ ఉన్నది బావా," అన్నాను. ఆ మర్నాడు నాకు వారానికొకసారి వచ్చే సెలవు. ఇంట్లో మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తూ ఉన్నాను. వాళ్లు ఈపాటికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉంటారని, ఈపాటికి గుట్ట ఎక్కుతూ ఉంటారని లెక్క వేసుకుంటూ కుళ్లిపోయాను. చెయ్యి తిరిగింది నాకు. కారు వచ్చింది ఆయనకు. ఈ ఒక్క ముక్క నా గొంతులో అడ్డం పడి, మంచినీళ్లు తాగినా దిగలేదు.

వర్క్‌షాపులో ఆయన దిగేసరికి మా మేనేజరు పక్కనే ఉన్నాడు. నియమం ప్రకారం నేను, "నమస్తే సార్, చెప్పండి సార్," అన్నాను. బావ మొహం ఎర్రబడింది. "ఏంది బావా, నన్ను సార్ అంటున్నవ్?" అన్నాడు. మేనేజరు నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. నేను ఆ రోజంతా పంతం కొద్దీ సార్ అనే పిలిచాను.

ఆయన ఫిర్యాదు ఒక్కటే. "ఎనకకెల్లి సప్పుడొస్తుంది. గుంతల పడ్డప్పుడల్ల లొడలొడ అంటది. కొన్న కొత్తల లేకుండె. ఎండలు ముదిరినంక షురువైంది."

ఇద్దరం రోడ్డు మీదికి వెళ్లాం. నాచారం గుంతలన్నీ తిప్పాను, మల్లాపూర్ వైపు తిప్పాను. చప్పుడు లేదు. కారు వెన్నలా పోతోంది. నాకు ఒళ్లు మండింది. డాక్టరు కారు చప్పుడు చేస్తుంది, వకీలు కారు చేస్తుంది, ఈయన కారు మాత్రం చెయ్యదు.

అయినా వెనక సస్పెన్షన్‌లో రబ్బరు బుష్‌లు అరిగి ఉంటాయని నేను గట్టిగా తేల్చేశాను. మార్పించాను. వారం తిరిగేలోపు బావ మళ్లీ వచ్చాడు. "ఇంటికాడ సప్పుడొస్తనే ఉన్నది బావా." ఈసారి వెనక సీటు మొత్తం విప్పించాను. మా పెద్ద టెక్నీషియన్, ఏ కారునైనా చెవితోనే పట్టేసేవాడు, డిక్కీలో ముడుచుకుని పడుకుంటే నేను కారు నడిపాను. ఆయన బయటికొచ్చి నడుం పట్టుకుని, "అన్నా, ఈ కార్ల సప్పుడు లేదు. ఆయన చెవులల్ల ఉన్నది," అన్నాడు. స్టెపినీ గుంట కూడా తెరిచి చూశాం. పనిముట్ల సంచి బుద్ధిగా తన పట్టీలో ఉంది.

అలా ఆ కారు వస్తూనే ఉంది, పోతూనే ఉంది. ప్రతిసారీ ముందురోజు ఫోన్ చేసి, అందరు యజమానులకూ చెప్పే మాటే ఆయనకూ చెప్పేవాణ్ణి. "కారులో మీ సొంత సామాన్లన్నీ తీసేసి తీసుకురండి సార్." పోయిన వస్తువులకు మేం పూచీ పడకుండా మా వర్క్‌షాపు పెట్టుకున్న పద్ధతి అది. బావ బుద్ధిగా ఖాళీ చేసి తెచ్చేవాడు. టిష్యూ పేపర్ డబ్బా కూడా ఉండేది కాదు.

ఈలోగా నాకు రిటైరయ్యే వయసు దగ్గరపడింది. మా చిన్నమ్మాయి నర్సింగ్ చదువు ఇంకా సగంలో ఉంది. ఇంకొన్నాళ్లు కొనసాగించమని మేనేజరును అడిగి ఉన్నాను. ఆయన నాకన్నా చాలా చిన్నవాడు, రాజమండ్రి వైపు మనిషి, మర్యాద తప్పడు. ఒక రోజు నన్ను తన గదిలోకి పిలిచాడు.

"ఆ తెల్ల కారు ఆయన పై ఆఫీసుకు మెయిల్ పెడతానంటున్నారండీ. మీ స్నేహితుడే కదా? ఆ సౌండ్ పోగొట్టండి, మీ ఎక్స్‌టెన్షన్ సంగతి నేను మాట్లాడతాను. కొత్త కారులో సౌండే పట్టలేని మనిషిని ఇంకా ఉంచండని నేను ఏ మొహంతో అడగమంటారు?"

బయటికొచ్చాను. ప్లాటు పోయింది. కారు ఆయనకు పోయింది. ఇప్పుడు నా ఉద్యోగం కూడా ఆయన కారు డిక్కీలోనే ఎక్కడో లొడలొడలాడుతోంది. ఈ మనిషి నా పక్క మిషన్ మీద కాకుండా ఇంకెక్కడైనా పని చేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మా దగ్గర యజమానులకు ఫోన్లు చేసి కారు ఎలా ఉందో అడిగే అమ్మాయి ఒకతె ఉండేది. కాప్రా పిల్ల, నోరున్న పిల్ల. ఆ సాయంత్రం నా మొహం చూసి ఆగింది.

"సార్, ఆ ఉప్పల్ సార్‌కు ఫోన్ చేస్తే సప్పుడు గురించి తక్కువ చెప్తడు, మీ గురించి ఎక్కువ అడుగుతడు."

"నా గురించి ఏమడుగుతడు?"

"మా బావ కారు సూసి ఏమన్నడు అని అడుగుతడు. ప్రతిసారి అదే. నేనేం చెప్పాలె? మీరేమన్నరో నాకేం ఎరుక?"

నేనేమన్నానో నాకు తెలుసు. అది ఆడపిల్ల ముందు చెప్పే మాట కాదు.

"సార్, ఇంటికాడనే సప్పుడొస్తదంటుండు గద," అంది ఆ పిల్ల బ్యాగు భుజానికి తగిలించుకుంటూ. "ఇంటికే పోయి సూడున్రి. ఉప్పల్ ఏమన్న దూరమా?"

ఉప్పల్ దూరం కాదు. ఆ ఇల్లే దూరం. కారు కొన్నప్పటి నుంచి ఆ గడప తొక్కలేదు. కానీ చిన్నమ్మాయి ఫీజు కళ్లముందు కదిలింది. ఆదివారం పొద్దున యూనిఫాం లేకుండా, ఫోన్ చేయకుండా స్కూటరు తీశాను.

ఉప్పల్ పాత ఊరి సందులో వాళ్ల పెంకుటిల్లు పోయి టైల్స్ అంటించిన రెండంతస్తుల మేడ లేచింది. బర్రెల కొట్టం మాత్రం అదే చోట ఉంది. బర్రెలు లేవు. వాటిని కట్టేసే గాటి దగ్గర తెల్ల కారు నిలబడి ఉంది. ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. నేను పేడలో కాళ్లు పెట్టి పాలు తాగిన చోట ఆ కారు అంత తెల్లగా నిలబడి ఉంటే, చూడలేక చూడలేక చూశాను.

వాళ్లమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బాగా ముసలిదైపోయింది. కళ్లు మాత్రం అవే.

"ఏం బిడ్డా, ఇన్నొద్దులకు తొవ్వ దొరికిందా?"

"పని మీద వచ్చినమ్మా. కారు సప్పుడు సూద్దమని."

"పని మీదనే అస్తవు తియ్యి," అంది ఆమె, చిక్కుడుకాయ తుంచుతూ.

బావ లుంగీతోనే పరుగెత్తుకొచ్చాడు. నన్ను చూసి ఆయన మొహం వెలిగిన తీరు చూస్తే నాకు ఇంకా చిరాకేసింది. చాయ్ తాగమన్నాడు, టిఫిన్ తినమన్నాడు. నేను ముందు కారు తియ్యమన్నాను. వాళ్లమ్మ చేతులు దులుపుకుని, "నేను గూడ అస్త. గాలికి పోయినట్టుంటది," అని వెనక సీట్లో ఎక్కింది. నేను అలవాటు ప్రకారం ముందు కూర్చున్నాను. యజమాని కారులో మా వాళ్లెవరూ వెనక సీట్లో కూర్చోకూడదని మా వర్క్‌షాపులో గట్టి నియమం. డిక్కీలోనైనా పడుకోవచ్చు, వెనక సీట్లో మాత్రం కూర్చోకూడదు. అది యజమాని స్థానం అనేవాళ్లు.

సందు మలుపు దగ్గర మొదటి స్పీడ్‌బ్రేకరు దాటామో లేదో, వెనక నుంచి వినిపించింది. లొడ, లొడ, లొడ.

"ఆపు బావా!" అని అరిచాను. నా జన్మలో ఏ సన్నాయీ అంత తియ్యగా వినిపించలేదు. ఈ కారుకూ ఒక లోపం ఉంది! నా ఉద్యోగం నిలబడుతుందన్న సంతోషం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఈ సంతోషమే.

"వింటివా? నేను చెప్తే నమ్మలే," అన్నాడు బావ.

దిగి వెనక సీట్లో వాళ్లమ్మ పక్కన కూర్చున్నాను. నియమం గుర్తు రాలేదు. మోకాళ్లు ముందు సీటుకు ఆనాయి. డాక్టరుగారి మాట నిజమే. బావ మళ్లీ కారు ముందుకీ వెనక్కీ ఆడించాడు. చప్పుడు సీటులోది కాదు, దాని వెనక డిక్కీ అడుగు నుంచి వస్తోంది. దిగి డిక్కీ తెరిచి, కార్పెట్టు ఎత్తి, స్టెపినీ గుంట మూత లాగాను.

పనిముట్ల సంచి పక్కన పసుపు గుడ్డలో గుండ్రటి మూట. దాని మీద కుంకుమ బొట్లు.

"చెప్పులిడిసి ముట్టు!" అని కారు లోపలి నుంచి ముసలమ్మ కేక వేసింది.

నేను చెప్పులు విడిచాను. మూట ఎత్తి చెవి దగ్గర ఊపాను. కొబ్బరికాయ. డిక్కీ వేడికి లోపల నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి ఎండి కుడకై చిప్పను వదిలేసింది. ఊపినప్పుడల్లా లోపల లొడలొడ.

"ఇదేందమ్మా?" అన్నాడు బావ. ఆయనకు నిజంగానే తెలియదు.

"ముడుపు బిడ్డా. కీసర దేవునికి కట్టిన. కారు కోసం కట్టిన ముడుపు కార్లనే ఉండాలె గద."

"మరి సర్వీసుకు పోయినప్పుడు ఎన్నడు కనవడలేదేంది?" అన్నాను.

"యాడ కనవడ్తది? సామాన్లన్ని తియ్యుమని మీరు ఫోన్ల చెప్తరంటడు వీడు. మీ దాంట్ల బూట్లేస్కొని డిక్కీల పండుకుంటరంట. ముందే తీసి దేవుని కాడ పెడ్తుంటి. కారు ఇంటికొచ్చినంక మళ్ల కార్ల పెడ్తుంటి."

సామాన్లు తియ్యమని ఫోన్లో చెప్పింది నేనే. ఆ కారులో చప్పుడును ప్రతిసారీ ముందురోజే ఇంట్లో దింపించి, మర్నాడు దాన్ని వర్క్‌షాపులో వెతికింది కూడా నేనే. బావ నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అడిగాను, "ముడుపెందుకు గట్టినవమ్మా?"

"కన్ను వడొద్దని."

"ఎవరి కన్నమ్మా?"

ముసలమ్మ కారు దిగి, తలుపు పట్టుకుని నిలబడి నన్ను చూసింది. కోపంగా కాదు. జొన్నరొట్టె ఇంకోటి తింటావా అని అడిగేటప్పుడు చూసినట్టే చూసింది.

"కారు సూడనీకె ఊరంత వచ్చిన్రు బిడ్డా. మంచిగున్నదన్నోళ్లు అన్నరు, మూతి ముడిసినోళ్లు ముడిసిన్రు. వాళ్లతోని నాకు ఫికర్ లే. నువ్వొక్కనివే రాలే. ఆ పొద్దు వీనికి బువ్వ సయించలే. అందుకే కట్టిన. నువ్వొచ్చి ఈ కారెక్కిననాడు కొబ్బరికాయ కొడ్త అని మొక్కిన."

ఏదో ఒకటి అనాలి కదా అని, "ఎన్నిసార్లో ఎక్కిన గదమ్మా," అన్నాను.

"అది నౌకరి బిడ్డా. నౌకరికి ఎక్కింది లెక్కకు రాదు."

బావ తల వంచుకుని ఆ పసుపు మూటను అటూ ఇటూ తిప్పుతున్నాడు. కాసేపటికి, "బావా, జర షోరూంల మాత్రం చెప్పకు. అందరు నవ్వుతరు. నా ఇజ్జత్ పోతది," అన్నాడు.

పిల్లలూ, ఒకరి మీద కుళ్లుకునే మనిషికి జీవితంలో అలాంటి క్షణం ఒకటి దొరకడం ఎంత అరుదో మీకు తెలియదు. పై ఆఫీసుకు మెయిల్ పెడతానన్న పెద్దమనిషి కారులో చప్పుడు, వాళ్లమ్మ దాచిన కొబ్బరికాయ. ఈ ఒక్క మాట వర్క్‌షాపులో వదిలితే చాలు, ఏడాదిపాటు చాయ్ దగ్గర అదే కబురు. నాలుక చివరిదాకా వచ్చింది. స్కూటరు మీద రామంతాపూర్ చేరేవరకూ ఎలా చెప్పాలో మనసులో రెండు మూడు రకాలుగా చెప్పుకుని చూసుకున్నాను కూడా.

మర్నాడు మేనేజరు గదిలో మాత్రం, "డిక్కీ గుంటలో పనిముట్ల సంచి పట్టీ ఊడి కొట్టుకుంటోంది సార్. బిగించాను. ఇక రాదు," అని చెప్పాను.

"ఇన్నాళ్లూ ఒక సంచి కోసమా అండీ?" అని ఆయన తల పట్టుకున్నాడు. పెద్ద టెక్నీషియన్ నన్ను అనుమానంగా చూశాడు. ఆ సంచి పట్టీ ఎలా ఉందో ఆయనకు తెలుసు. అయినా పానా తీసుకుని తన పనిలోకి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు చాలా రోజులు నన్ను సంచి సార్ అని ఏడిపించారు. నాది పెద్ద మనసని మీరు మెచ్చుకోవద్దు. నిజం చెప్తే బావ సిగ్గుపడి కారును ఇంకో చోటికి తీసుకుపోయేవాడు. ఆ కారుకు ఇంకేం లోపాలు వస్తాయో దగ్గరుండి చూడాలని నాకు ఉండేది.

ఎక్స్‌టెన్షన్ వచ్చింది. అదీ నా పనితనం చూసి కాదు. బావ మేనేజరుకు ఫోన్ చేసి, ఇలాంటి మనిషి మీకు దొరకడని, ఈయన లేకపోతే కారు వాపస్ ఇచ్చేవాణ్ణని చెప్పాడట. మేనేజరు సంతోషంగా ఆ మాటలన్నీ నాకు వినిపించాడు. మా అమ్మాయి చదువు పూర్తయింది కూడా ఆయన నోటి మాట వల్లే అని తేలాక, ఇక నాకు మిగిలిన సుఖం ఏముంది?

తర్వాతి సెలవు రోజు కీసర ప్రయాణం. బావ మా ఇంటి ముందుకే కారు తెచ్చాడు. రామంతాపూర్ సందులో పిల్లలు చుట్టూ మూగారు. మా ఆవిడను ముందు కూర్చోమన్నారు. నేను కూడా అలవాటు కొద్దీ ముందు తలుపు వైపే నడుస్తుంటే ముసలమ్మ వెనక నుంచి పిలిచింది. "ఇటు రా బిడ్డా. ముందు కూసుంటే మళ్ల నౌకరే అయితది." వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. మా ఆవిడ ఏదో బటన్ నొక్కింది, ముందు సీటు మెల్లగా నా మోకాళ్ల మీదికి వాలింది. "అబ్బ, ఎంత సల్లగున్నదో," అందామె. పెళ్లైనప్పటి నుంచి నా స్కూటరు మీద ఆమె ఏనాడూ అంత తృప్తిగా ఒక్క మాట అనలేదు.

గుట్ట మీద ముసలమ్మ నా చేతికే కాయ ఇచ్చింది. కొట్టాను. చుక్క నీరు లేదు. లోపలి నుంచి కుడక గుండ్రంగా, మొత్తంగా బయటికొచ్చింది. దేవుడికి చూపించి, ఆమె దాన్ని ముక్కలు చేసి అందరికీ పంచింది. తియ్యగా ఉంది.

దర్శనం అయ్యాక తిరుగుదారి పట్టాం. కార్లో లొడలొడ లేదు. కాప్రా దాటాక బావ అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఎట్లున్నది బావా, కారు?"

ఎంతోమందిని ఆ ప్రశ్న అడిగి బతికినవాణ్ణి. నన్ను అడిగింది ఆయనొక్కడే. నా దగ్గర జవాబులన్నీ సిద్ధంగా ఉన్నాయి. వెనక సీటు, నేలకు గీసుకునే అడుగు, లేని స్టెపినీ, ట్రాక్టరు చప్పుడు. ఒకటి కాకపోతే ఒకటి అనొచ్చు. అద్దంలో బావ కళ్లు రోడ్డు మీద లేవు, నా మీదే ఉన్నాయి. పక్కన ముసలమ్మ కుడక నమలడం ఆపింది.

"మస్తున్నది బావా," అన్నాను.

అబద్ధం కాదు. నా బాధంతా అది అబద్ధం కాకపోవడమే. బావ స్టీరింగు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, రోడ్డు వైపు చూశాడు. ముసలమ్మ మళ్లీ నమలడం మొదలుపెట్టి, కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆ కారు మామూలు సర్వీసులకే వచ్చింది. ఒక్క ఫిర్యాదు కూడా తేలేదు.

ఆ రోజు ఇంటి ముందు మమ్మల్ని దింపి బావ వెళ్లిపోయాడు. సందు చివర తిరిగేదాకా కారు వైపే చూస్తూ నిలబడ్డాను. తర్వాత గుడ్డ తెచ్చుకుని స్కూటరు తుడవడం మొదలుపెట్టాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏమైంది? మొహం గట్ల పెట్టిన్రు?"

"ఎనక సీటు మస్తు ఇరుకున్నది," అన్నాను.